కోఠీ ముందు ఆరు స్తంభాలు, వెనక ఒక బొమ్మ ఇల్లు

ఈసారి కథ ఎక్కడో కోటలోనో గుహలోనో మొదలవ్వదు. బడంగ్‌పేట్‌లో మొదలవుతుంది.

బడంగ్‌పేట్, నాదర్‌గుల్, బాలాపూర్ వైపు ఓ సాయంత్రం బండి మీద తిరగండి. అటు శంషాబాద్ రోడ్డు దాకా వెళ్ళినా పర్వాలేదు. కొత్త ఇండిపెండెంట్ ఇళ్ళు, విల్లా వెంచర్లు కనిపిస్తాయి. చాలా ఇళ్ళ ముందు రెండో నాలుగో పొడవాటి గుండ్రటి స్తంభాలు ఉంటాయి. కింద పీఠం, పైన విచ్చుకున్న ఆకులు. నిజం చెప్పాలంటే కాలీఫ్లవర్ ఆకుల్లా ఉంటాయి. ఆ స్తంభాల మీద కొన్నిచోట్ల ఒక త్రికోణం కూడా ఉంటుంది. మేస్త్రీని అడిగితే "ఎలివేషన్ కోసం సార్" అంటాడు. స్లాబు బరువు మోసేది లోపలున్న కాంక్రీటు పిల్లర్లే. బయటి స్తంభాల పని ఒక్కటే, ఈ ఇంటాయన మామూలోడు కాదు అని దారినపోయేవాళ్ళకి చెప్పడం.

మరి ఈ స్తంభాలు మన దాకా ఎట్లా వచ్చాయి? మన పాత ఇళ్ళకి ఇవి లేవు. మండువా లోగిలిలో ఉండేవి చెక్క స్తంభాలు, అవీ ఇంటి లోపల. దీని ముత్తాత ఇల్లు హైదరాబాద్‌లోనే ఉంది. బడంగ్‌పేట్ నుంచి బస్సెక్కి, చాదర్‌ఘాట్ దగ్గర మూసీ దాటితే వచ్చేస్తుంది. పుస్తకాలకి, సెకండ్ హ్యాండ్ గైడ్లకి, బట్టలకి మీరు వందసార్లు వెళ్ళే ఉంటారు. కోఠీ.

కోఠీ అంటే కోటి రూపాయల కోటి కాదు. ఉర్దూలో కోఠీ అంటే పెద్ద బంగ్లా. ఏ బంగ్లా అంటే, విమెన్స్ కాలేజీ గోడ వెనకున్న బ్రిటిష్ రెసిడెన్సీ. ఒక్క ఇంటి పేరు మొత్తం ఏరియాకి అంటుకుంది. ఆ ఇల్లు మాత్రం గోడ వెనకే ఉండిపోయింది. రోజూ పక్కనుంచే పోతున్నా చాలామంది చూడలేదు.

ఆ ఇల్లు అర్థం కావాలంటే ముందు ఇంగ్లండ్ కంట్రీ హౌస్ అంటే ఏంటో కొంచెం తెలియాలి. డౌన్‌టన్ ఆబీ, బ్రిడ్జర్టన్ లాంటి సిరీస్‌లు చూసినవాళ్ళకి సీన్ గుర్తుండే ఉంటుంది. పెద్ద పచ్చిక మైదానం, మధ్యలో ఒంటరిగా భారీ భవనం, ముందు స్తంభాలు, మెట్లు. మన భాషలో చెప్పాలంటే అది జమీందారు ఇల్లు. చుట్టూ కనుచూపు మేర పొలాలన్నీ ఆయనవే. కౌలు రైతులు కట్టే శిస్తుతోనే ఇల్లు నడుస్తుంది. అంటే కంట్రీ హౌస్‌కి అసలు పునాది రాయి కాదు, ఊళ్ళ నుంచి వచ్చే ఆదాయం. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

ఈ ఇళ్ళ డిజైన్‌కి గురువు ఇటలీవాడు, ఆండ్రియా పల్లాడియో. 16వ శతాబ్దం మనిషి, 1580లో చనిపోయాడు. వెనిస్ చుట్టుపక్కల భూస్వాములకి పొలాల మధ్య ఇళ్ళు కట్టిపెట్టాడు. వాటినే విల్లా అనేవాళ్ళు. ఇవాళ మన వెంచర్ల బోర్డుల మీద కనిపించే విల్లా అనే మాట అదే. తేడా ఏంటంటే, పల్లాడియో విల్లాల్లో పక్క రెక్కలు ధాన్యానికీ పనిముట్లకీ కట్టినవి. ఆయన చేసిన పెద్ద పని ఒకటుంది. పాతకాలపు రోమన్ గుళ్ళ ముందుండే స్తంభాల మండపాన్ని, దాని మీది త్రికోణాన్ని తెచ్చి మనుషులు ఉండే ఇంటి ముందు పెట్టాడు. దేవుడికి పెట్టే ముఖమండపాన్ని భూస్వామికి పెట్టినట్టు. 1570లో ఆయన పుస్తకం అచ్చయింది. 18వ శతాబ్దానికి ఇంగ్లండ్‌లో దొరలందరికీ ఆ పిచ్చి పట్టుకుంది.

అట్లాంటి ఇళ్ళలో డెర్బీషైర్‌లోని కెడిల్‌స్టన్ హాల్ ఒకటి. కర్జన్ కుటుంబానిది. 1760 ప్రాంతంలో రాబర్ట్ ఆడమ్ లాంటి పేరున్న ఆర్కిటెక్ట్‌లు పనిచేశారు. కింది అంతస్తు పొట్టిగా, మొరటుగా ఉంటుంది, నౌకర్ల పనులకి. దొరవారి గదులన్నీ దాని పైన. అందుకే ముందు మెట్లు. అతిథి మెట్లెక్కి, స్తంభాల మధ్య నుంచి తల పైకెత్తి లోపలికి రావాలి. నౌకరు వెనకనుంచి, కిందనుంచి రావాలి. ఇల్లే ఎవరి స్థాయి ఏంటో చెప్పేస్తుంది, మనిషి నోరు విప్పక్కర్లేదు.

1799లో గవర్నర్ జనరల్ వెల్లెస్లీ కలకత్తాలో తన కోసం కొత్త గవర్నమెంట్ హౌస్ మొదలుపెట్టాడు. దానికి నమూనా ఈ కెడిల్‌స్టనే. 1803లో పూర్తయింది. ఇప్పుడది బెంగాల్ గవర్నర్ ఉండే భవనం. ఇక్కడ ఒక తమాషా ఉంది. సరిగ్గా వందేళ్ళ తర్వాత ఆ కెడిల్‌స్టన్‌లో పుట్టి పెరిగిన కర్జనే వైస్రాయ్‌గా వచ్చి, తన సొంతింటి కాపీలో కాపురం పెట్టాడు.

ఇప్పుడు హైదరాబాద్‌కి వద్దాం. 1798. నిజాం అలీ ఖాన్, అంటే రెండో అసఫ్ జా, సింహాసనం మీద ఉన్నాడు. ఆయన దగ్గర ఫ్రెంచి అధికారి రేమాండ్ తయారుచేసిన సైన్యం ఉంది. దిల్‌సుఖ్‌నగర్ దగ్గర మూసారాంబాగ్ అంటాం కదా, ఆ పేరులో ఉన్నది ఈ రేమాండే అని చెప్తారు. ఆయన సమాధి కూడా అటువైపే ఒక గుట్ట మీద ఉంది. ఆ మార్చిలో రేమాండ్ చనిపోయాడు. సెప్టెంబర్‌లో ఈస్ట్ ఇండియా కంపెనీ నిజాంతో ఒప్పందం చేసుకుంది. అక్టోబర్‌లో పదివేలకు పైగా ఉన్న ఆ ఫ్రెంచి దళం ఆయుధాలు కింద పెట్టేసింది, పెద్ద యుద్ధం లేకుండానే. ఆ ఒప్పందం కుదిర్చినవాడు కంపెనీ రెసిడెంట్ జేమ్స్ అకిలీస్ కిర్క్‌ప్యాట్రిక్. 1764లో మద్రాసులో పుట్టినవాడు. పర్షియన్ బాగా వచ్చు. హైదరాబాదీ దుస్తులు వేసేవాడు. దర్బారులో హష్మత్ జంగ్ అనే బిరుదు పొందాడు.

రెసిడెంట్ అంటే పేరుకి రాయబారి. అసలు పని, నిజాం ఎవరితో స్నేహం చెయ్యాలో, ఎవరితో చెయ్యకూడదో చూసుకోవడం.

రెండేళ్ళ తర్వాత, 1800 అక్టోబర్‌లో ఇంకో ఒప్పందం. కంపెనీ సైన్యం హైదరాబాద్‌లో శాశ్వతంగా ఉంటుంది, ఖర్చు నిజాం పెట్టుకోవాలి. నెలనెలా డబ్బులెందుకు, జిల్లాలే ఇచ్చెయ్యండి అన్నారు. టిప్పు సుల్తాన్‌తో యుద్ధాల్లో నిజాం వాటాకి వచ్చిన ప్రాంతాలున్నాయి. బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలు వైపు కొంత. వాటన్నిటినీ కంపెనీకి దత్తం చేసేశారు. దత్త మండలాలు. ఇంగ్లీషులో సీడెడ్ డిస్ట్రిక్ట్స్.

ఆ మాట ఎక్కడో విన్నారు కదా? సినిమా రిలీజైన మర్నాడు కలెక్షన్ల పోస్టర్ గుర్తుచేసుకోండి. నైజాం ఇంత, సీడెడ్ ఇంత, ఉత్తరాంధ్ర ఇంత. మనం హీరోల ఫ్యాన్ వార్ కోసం వాడుకునే ఆ 'సీడెడ్' 1800 నాటి ఆ కాగితం మీంచి వచ్చింది. రాయలసీమ అనే పేరు పెట్టుకున్నది 1928లో, నంద్యాలలో. 'అప్పగించిన జిల్లాలు' అనే పేరు అక్కడివాళ్ళకి నచ్చకపోవడంలో ఆశ్చర్యమేముంది? అయినా సినిమావాళ్ళ లెక్కల్లో పాత పేరే బతికింది.

కంట్రీ హౌస్‌కి పునాది ఊళ్ళ ఆదాయం అన్నాను కదా. కోఠీలో ఆ ఇంటి చుట్టూ పొలాలు లేవు. ఒకవైపు మూసీ, ఆవల కోటగోడ ఉన్న నగరం, ఇటు తోటలు. కానీ దాని ఎస్టేట్ చిన్నదేం కాదు. బళ్ళారి నుంచి కడప దాకా ఉంది. ఇంగ్లండ్ దొర కిటికీలోంచి చూస్తే తన పొలాలు కనిపిస్తాయి. కిర్క్‌ప్యాట్రిక్ కిటికీలోంచి సీడెడ్ రైతు కనిపించడు. ఆ రైతు కట్టిన శిస్తుతో బతికే సైన్యం మాత్రం పక్కనే ఉంది. అది దిగిన చోటికే తర్వాత మూడో అసఫ్ జా సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ అని పేరొచ్చింది.

ఇక ఇల్లు. పాత రెసిడెన్సీ చాల్లేదు కాబట్టి కిర్క్‌ప్యాట్రిక్ కొత్తది కావాలన్నాడు. జాన్ మాల్కమ్ అనే కంపెనీ అధికారి ప్రచారంలో పెట్టిన ఒక కథ ఉంది. కిర్క్‌ప్యాట్రిక్ పెద్ద కాగితం మీద ఇంటి ప్లాను గీయించి నిజాంకి చూపించాడట. నిజాం వెంటనే కాదన్నాడు. ఎందుకు కాదన్నాడో ఈయనకి అర్థం కాలేదు. దర్బారులో మంత్రి నవ్వి చెప్పాడట, "మీరు తెచ్చిన కాగితం సైజెంతో చూశారా? ఈమధ్యనే మీవాళ్ళు ప్రభువు రాజ్యం మొత్తానికి మ్యాపు గీసి చూపించారు. అది కూడా ఇంతే ఉంది. రాజ్యమంతా అడుగుతున్నారనుకున్నారు." కిర్క్‌ప్యాట్రిక్ అదే ప్లాను చిన్న కార్డు మీద గీయించి పట్టుకెళ్ళాడు. ఈసారి ఓకే అయిపోయింది.

ఈ కథ ఇంగ్లీషువాళ్ళు డిన్నర్ టేబుల్ దగ్గర నవ్వుకోడానికి చెప్పుకున్నది. చూశారా, నవాబుకి స్కేలు అంటే ఏంటో తెలియదు అని. నాకు మాత్రం ఇందులో నిజాం అమాయకుడిలా అనిపించడు. సీడెడ్ జిల్లాలు అప్పుడే పోయాయి. దళం పోయింది. ఆ ఒప్పందాలన్నీ ఇదే మనిషి తెచ్చిన కాగితాల మీదే జరిగాయి. అట్లాంటివాడు ఇంకో పెద్ద కాగితం పట్టుకొస్తే ఎవరైనా ముందు కాదనే అంటారు.

చివరికి నిజాం ఒప్పుకోవడమే కాదు, కట్టడానికి ఖర్చూ ఆయనే పెట్టాడు. ఈ మాట కొంచెం ఆగి ఆలోచించాలి. తన మీద నిఘా పెట్టడానికి వచ్చినవాడి ఇంటికి తనే డబ్బులు ఇచ్చాడు.

1803లో పని మొదలైంది. అదే ఏడాది ఆగస్టులో నిజాం అలీ ఖాన్ చనిపోయాడు, కొడుకు సికందర్ జా వచ్చాడు. డిజైను మద్రాస్ ఇంజినీర్స్‌కి చెందిన లెఫ్టినెంట్ శామ్యూల్ రస్సెల్‌ది. పేరు గుర్తుంచుకోండి, కథలో ఇంకో రస్సెల్ వస్తాడు, ఇద్దరూ వేరు. ఇక్కడ ఇంజినీరు అంటే సైన్యంలో పనిచేసే కుర్ర ఆఫీసర్. అట్లాంటివాళ్ళు ఇంగ్లండ్‌లో అచ్చయిన భవనాల బొమ్మల పుస్తకాలు ముందు పెట్టుకుని కట్టేవాళ్ళు.

ఇల్లు చూద్దాం రండి. మెయిన్ గేటులోంచి వస్తే ఉత్తరం వైపు ముఖం. (వాస్తు చూసి పెట్టారా అని అడక్కండి. కెడిల్‌స్టన్ ముఖం కూడా ఉత్తరానికే. కాకపోతే మన ఎండలకి ఉత్తర ముఖం నీడగా బాగా పనికొచ్చింది.) కింద రెండు వైపులా రెండు సింహాలు. మధ్యలో బాగా వెడల్పాటి మెట్ల వరస, ఇరవైకి పైనే మెట్లు. అవి ఎక్కితే ఆరు భారీ కొరింథియన్ స్తంభాలు. మన ఇళ్ళ ముందు కనిపించే ఆకుల స్తంభాలు, అవే. రెండంతస్తుల ఎత్తు. వాటి మీద త్రికోణం, అందులో కంపెనీ రాజముద్ర. కింది అంతస్తు పొట్టిగా నౌకర్లకి, పైన దొరలకి. అంతా కెడిల్‌స్టన్ లెక్కే.

అయితే ఆ స్తంభాలు రాతివి కావు. ఇటుకతో కట్టి, పైన సున్నంతో నున్నగా పూత పూశారు. ఆ రోజుల్లో ఆ పూతకి మద్రాసు చునాం అని పెద్ద పేరు. మనవాళ్ళకి డంగు సున్నం తెలిసిందే కదా. గానుగలో ఇసుకతో కలిపి రోజుల తరబడి రుబ్బి, అవసరాన్నిబట్టి బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు పోసి, పై పూతని రాయితో రుద్దిరుద్ది మెరుగుపెడితే పాలరాయేనేమో అనిపించేది. కాబట్టి డిజైను ఇటలీది, పుస్తకం ఇంగ్లండ్‌ది, ఆ మెరుపు మాత్రం మన తాపీ మేస్త్రీల చేతిది. వాళ్ళ పేర్లు ఏ ఫలకం మీదా లేవు. రస్సెల్ పేరు మిగిలింది.

లోపల దర్బార్ హాల్. రెండంతస్తుల ఎత్తున పైకప్పు, చుట్టూ గ్యాలరీ, పెద్దపెద్ద అద్దాలు, షాండ్లియర్లు. పైకప్పు మీద అలంకారం అంతా కాగితం గుజ్జుతో చేసింది. దూరంనుంచి చూస్తే చెక్కినట్టే ఉంటుంది. హాలు వెనక నుంచి రెండుగా చీలిపోయే మెట్లు. అవతల దక్షిణం వైపు, మూసీ దిక్కు, గుండ్రంగా ముందుకొచ్చిన ఇంకో ముఖం.

దర్బారు నుంచి వచ్చే నవాబులని ఆ మెట్ల కింద నిలబెట్టి ఊహించుకోండి. ఏనుగు మీంచో పల్లకీలోంచో దిగి, ఆ మెట్లన్నీ ఎక్కి, ఆ స్తంభాల కింద చీమలా అయిపోయి లోపలికి రావాలి. దేనికోసం కట్టారో అర్థమవుతుంది.

ఇదంతా ముందు వైపు సంగతి. ఇంగ్లండ్ ఇంటికి లేనిదీ, ఈ ఇంటికి మాత్రమే ఉన్నదీ వెనకాల ఉండేది. దాని పేరు రంగ్ మహల్. అది జనానా. అక్కడ ఉన్నావిడ ఖైరున్నిసా.

ఆమె హైదరాబాద్ దర్బారులో పెద్ద కుటుంబం అమ్మాయి, దివాన్ అయిన మీర్ ఆలంకి బంధువు. కిర్క్‌ప్యాట్రిక్‌తో పెళ్ళయ్యేటప్పటికి ఆమెకి పద్నాలుగు పదిహేనేళ్ళు. చాలా వీడియోల్లో దీన్ని 'అమర ప్రేమకథ' అని పెడతారు. నేనట్లా చెప్పలేను. ఇద్దరి మధ్యా ఇష్టం ఉందనడానికి ఆధారాలున్నాయి. కానీ ఒకవైపు రాజ్యాన్ని శాసించే ముప్పై ఆరేళ్ళ అధికారి, ఇంకోవైపు ఆ వయసు పిల్ల. రెండూ కలిపే చూడాలి. ఆ పెళ్ళి మీద కలకత్తా దాకా ఫిర్యాదులు వెళ్ళాయి, విచారణలు జరిగాయి. ఉద్యోగం ఊడేదాకా వచ్చి ఆగింది. ఇద్దరు పిల్లలు, సాహెబ్ ఆలం అనే బాబు, సాహెబ్ బేగం అనే పాప.

ఖైరున్నిసా పరదాలో ఉండే మనిషి. ముందువైపు మగవాళ్ళు తిరిగే చోటికి రాకూడదు. అంటే ఆ ఆరు స్తంభాల ముఖాన్ని, భర్త కట్టించిన అంత పెద్ద ఇంటిని, ముందు నిలబడి చూసే వీల్లేదు. అందుకని ఆమె కోసం జనానా తోటలో ఆ ఇంటికే ఒక చిన్న నమూనా కట్టించాడని చెప్పుకుంటారు. బొమ్మ ఇల్లు. అవే స్తంభాలు, అదే త్రికోణం. ఈ కథ ఎంతవరకు నిజమన్న దాని మీద వాదనలు నడిచినా, బొమ్మ ఇల్లు మాత్రం నిజం. ఆ ప్రాంగణంలోనే ఉంది.

1805లో పిల్లలిద్దర్నీ చదువుకని ఇంగ్లండ్‌కి ఓడెక్కించారు. బాబుకి నాలుగేళ్ళు, పాపకి మూడు. వెళ్ళేముందు మద్రాసులో జార్జ్ చిన్నరీ అనే చిత్రకారుడు ఇద్దరికీ కలిపి హైదరాబాదీ దుస్తుల్లో పెద్ద బొమ్మ వేశాడు. ఆ ఏడాది అక్టోబర్ 15న కిర్క్‌ప్యాట్రిక్ కలకత్తాలో చనిపోయాడు. ఇల్లు ఇంకా పూర్తి కాలేదు. అది పూర్తయ్యేసరికి 1806. ఆ మెట్లు, ఆ హాలు, ఆ దర్బారు వైభవం, ఏదీ కట్టించినవాడికి దక్కలేదు.

ఖైరున్నిసాకి పిల్లలు మళ్ళీ కనపడలేదు. ఆమె కలకత్తా వెళ్ళింది. అక్కడ భర్త దగ్గర అసిస్టెంట్‌గా చేసిన హెన్రీ రస్సెల్‌తో దగ్గరైంది. ఇతనే ఆ రెండో రస్సెల్. హైదరాబాద్‌లో అడుగుపెట్టకూడదని ఆమెకి ఆంక్ష వచ్చింది. మన మచిలీపట్నంలో కొన్నేళ్ళు ఉంది. రస్సెల్ ఇంకొకరిని పెళ్ళి చేసుకున్నాడు. ఆమె చివరికి హైదరాబాద్ చేరి 1813లో చనిపోయింది. ఇరవై ఏడేళ్ళు. అప్పటికి ఆ ఆరు స్తంభాల ఇంట్లో రెసిడెంట్‌గా ఉన్నది ఆ హెన్రీ రస్సెలే.

ఇప్పుడు ఒకసారి ఓడెక్కి ఇంగ్లండ్ పోదాం. ఎందుకంటే ఇంకో ఇల్లుంది. బెర్క్‌షైర్‌లో స్వాలోఫీల్డ్ పార్క్. అసలు సిసలు కంట్రీ హౌస్. 1689 ప్రాంతంలో విలియం టాల్మన్ అనే ఆర్కిటెక్ట్ క్లారెండన్ ప్రభువు కోసం కట్టాడు. 1719లో దాన్ని కొన్నది థామస్ పిట్. ఈయన అంతకుముందు మద్రాసు గవర్నర్. అక్కడ ఉండగా 410 క్యారెట్ల ముడి వజ్రం ఒకటి కొని, దాన్ని ఇంగ్లండ్‌లో సాన పట్టించి, 1717లో ఫ్రాన్స్ పాలకుడికి 1,35,000 పౌండ్లకి అమ్మాడు. ఆ వజ్రం రీజెంట్ పేరుతో ఇప్పుడు పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది. అది దొరికింది ఎక్కడో తెలుసా? కృష్ణా ఒడ్డున కొల్లూరు గనిలో. ఇవాళ ఆ చోటు పులిచింతల నీళ్ళ కింద ఉంది. ఆ డబ్బుతో వచ్చిన ఇల్లు స్వాలోఫీల్డ్.

వందేళ్ళు గడిచాయి. 1820. ఆ స్వాలోఫీల్డ్ ఎవరి చేతికొచ్చింది? మన హెన్రీ రస్సెల్ కుటుంబానికి. హైదరాబాద్‌లో రెసిడెంట్ ఉద్యోగం వదిలి వచ్చిన సంవత్సరం కూడా అదే. ఆయన హయాంలోనే రెసిడెన్సీ నీడలో విలియం పామర్ అండ్ కంపెనీ అనే బ్యాంకు నిజాం ప్రభుత్వానికి భారీ వడ్డీకి అప్పులిచ్చి బలిసింది. తర్వాత వచ్చిన రెసిడెంట్ మెట్‌కాఫ్ అది పెద్ద స్కామ్ అని బయటపెట్టాడు. రస్సెల్ పాత్ర మీద కూడా వేళ్ళు చూపించారు. ఆయన మాత్రం స్వాలోఫీల్డ్‌ని కొత్తగా మార్పించుకుని అక్కడ హాయిగా ఉన్నాడు.

ఒకే ఇల్లు రెండుసార్లు మన నేల డబ్బు చూసిందన్నమాట. ఒకసారి కృష్ణా వజ్రంతో, ఇంకోసారి హైదరాబాద్ కొలువుతో. ఇంగ్లండ్ కంట్రీ హౌస్‌ల వీడియోలు చూసి "ఎంత క్లాస్‌గా ఉందో" అనుకుంటాం. క్లాసే, కాదనను. బిల్లు ఎక్కడెక్కడ కట్టారో కూడా చూడాలని నా గోల.

ఆ పిల్లలు ఏమయ్యారు? పాప పేరు కిట్టీ అయింది. యువతిగా ఉన్నప్పుడు రచయిత థామస్ కార్లైల్ ఆమెని చూసి మనసు పారేసుకున్నాడు. తర్వాత ఆయన రాసిన పుస్తకంలో ఒక పాత్రకి ఆమే మూలం అంటారు. 1840ల ప్రాంతంలో, నలభై ఏళ్ళు దగ్గరపడ్డాక, కిట్టీ ఒకసారి స్వాలోఫీల్డ్‌కి వెళ్ళింది. గోడ మీద చిన్నరీ వేసిన బొమ్మ. తనూ అన్నా, హైదరాబాదీ జరీ బట్టల్లో. చూసి ఏడ్చేసింది. ఆ దారినే ఆమెకి తెలిసింది, అమ్మమ్మ షరఫున్నిసా హైదరాబాద్‌లో ఇంకా బతికే ఉందని. ఇద్దరి మధ్యా ఉత్తరాలు నడిచాయి. అమ్మమ్మ, చనిపోయిన ఖైరున్నిసా జుట్టు పాయ ఒకటి పంపింది. వాళ్ళు మళ్ళీ కలుసుకోలేదు. కిట్టీ 1889లో ఇంగ్లండ్‌లోనే చనిపోయింది.

కోఠీలో ఆ మధ్యకాలంలో ఏం జరిగిందో త్వరగా చెప్పేస్తా. 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో కొన్ని వందలమంది ఈ రెసిడెన్సీ మీద దాడి చేశారు. అది నిలబడలేదు. తుర్రేబాజ్ ఖాన్‌ని తర్వాత కాల్చి చంపారు, మౌల్వీని అండమాన్ పంపారు. కోఠీ బస్టాండ్ దగ్గర వాళ్ళ పేరు మీద స్మారకం ఉంది, ఫోన్ చూసుకుంటూ దాటిపోతుంటాం. ఆ దాడి తర్వాత ఇంటి చుట్టూ గోడలు, బురుజులు లేచాయి. అంతకుముందు తోటలో నిలబడిన కంట్రీ హౌస్, ఆ తర్వాత కోటలాగా అయింది. ఎవరి మీద పెత్తనం చేస్తున్నామో వాళ్ళంటే భయం మొదలైతే ఇంటి ఆకారం కూడా మారుతుంది.

రంగ్ మహల్‌ని ఆ శతాబ్దంలోనే కూల్చేశారు. తర్వాతి కాలం దొరలకి, ఒక రెసిడెంట్ ముస్లిం భార్యతో కాపురం చేసిన జ్ఞాపకం ఇబ్బందిగా అనిపించింది. ముందున్న ఆరు స్తంభాలని ఎవరూ ముట్టుకోలేదు.

ఈలోపు ఆ స్తంభాల మోజు ఊళ్ళోకి పాకింది. 1884లో పైగా నవాబు వికారుల్ ఉమ్రా ఫలక్‌నుమా గుట్ట మీద తన సొంత ప్యాలెస్ మొదలుపెట్టాడు, అదీ యూరప్ పద్ధతిలోనే. కట్టడానికి పెట్టిన ఖర్చుతో ఆయనకే ఊపిరాడలేదు, చివరికి ఆరో నిజాం చేతికి పోయింది. బడంగ్‌పేట్ వాళ్ళకి కోఠీ కన్నా అదే దగ్గర. అక్కడ్నుంచి సినిమా సెట్లకి, ఫంక్షన్ హాళ్ళకి, మన ఎలివేషన్లకి రావడానికి ఇంకెంతో దూరం లేదు.

1947లో రెసిడెంట్ వెళ్ళిపోయాడు. 1949లో ఆ ఇంట్లోకి ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆడపిల్లల కాలేజీ వచ్చింది. అది 1924లో మొదలైన కాలేజీ, అప్పటిదాకా వేరేచోట నడిచింది. దర్బార్ హాల్లోనూ చుట్టుపక్కల గదుల్లోనూ క్లాసులు. మీ అమ్మో, పెద్దమ్మో, అత్తో అక్కడ చదివి ఉంటే అడిగి చూడండి, ఆ మెట్ల మీద కూర్చుని టిఫిన్ బాక్సులు విప్పిన కథలు చెప్తారు. ఏళ్ళ తరబడి పట్టించుకోక పైకప్పులు కారి, పాతబడి, ఆ భవనంలో క్లాసులు పెట్టలేని స్థితికొచ్చింది. వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ వాళ్ళూ ప్రభుత్వమూ కలిసి చాలా ఏళ్ళు పనిచేసి, కాగితం గుజ్జు పైకప్పుతో సహా బాగుచేసి 2023లో మళ్ళీ తెరిచారు. కాలేజీ ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. భూమి కోసం దేశ్‌ముఖ్‌ని ఎదిరించి నిలబడ్డ పాలకుర్తి ఐలమ్మ.

చూడ్డానికి వెళ్తే, ముందు అందరూ ఫొటో దిగే మెట్ల దగ్గర మీరూ దిగండి. తర్వాత వెనక్కి వెళ్ళి ఆ బొమ్మ ఇంటిని అడగండి. అక్కడివాళ్ళు చూపిస్తారు. దాని ముందు నిలబడితే స్తంభాలు మన నడుము దగ్గరికి కూడా సరిగ్గా రావు. ఖైరున్నిసాకి కనిపించిన ముఖం అంతే.

కామెంట్స్‌లో, మీ ఇంట్లో ఎవరైనా కోఠీ విమెన్స్ కాలేజీలో చదివుంటే ఏ బ్యాచో రాయండి. వచ్చేవారం మూసారాంబాగ్ గుట్ట మీద రేమాండ్ సమాధి దగ్గర కలుద్దాం. ఉంటా.